ఆఖరి మూడు గంటల క్లాసు

టొలీడో ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టే వెండెల్ ప్రూసాక్‌ది ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం. అయినా సరే, మూడేళ్ళకోసారి లైసెన్సు కొత్తగా రాయించుకోవాలంటే క్లాసుల్లో కూర్చోవాల్సిందే. బుద్ధున్నవాళ్ళు ఆ పని ముందే కానిచ్చుకుంటారు. మనవాడు మాత్రం రేపు గడువనగా ఇవాళ కాఫీ కప్పుతో ఓ హోటల్ హాల్లో కూలబడ్డాడు. ఇంక మిగిలింది ఈ మూడు గంటలే. ఇల్లు కొనడానికొచ్చిన వాళ్ళ రంగూ మతమూ చూసి తేడా చెయ్యకూడదన్న పాఠం. ఇప్పటికి పదిసార్లు విన్నాడు. నిద్రలో లేపి పరీక్ష పెట్టినా నూటికి నూరు తెచ్చుకుంటానని అందరితో చెప్పుకుంటాడు కూడా.

పక్క కుర్చీలో ఒడెస్సా టాలివర్ అని నల్లజాతి ఆవిడ, నలభై దాటిన మనిషి. ఈ పనిలోకి వచ్చి మూడేళ్ళేనట. డోనట్ సగం తుంచి ఇతనికిచ్చింది.

"తినండి. ఖాళీ కడుపుతో వినే క్లాసు కాదిది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇతను తన పేరు చెప్పేలోపే పాఠం మొదలైంది.

మధ్యలో టీచరు, "ఇలాంటిది మీలో ఎవరికైనా జరిగిందా?" అని అడిగింది. ఒడెస్సా లేచి నిలబడింది.

"మా ఇంట్లోనే జరిగిందండీ. పద్దెనిమిదేళ్ళ కిందట అమ్మావాళ్ళు ఇల్లు కొన్నారు. ఏజెంటు మంచి మర్యాదస్థుడు. రెండు వారాలు కార్లో తిప్పాడు. నదికి ఇటువైపు, తెల్లవాళ్ళుండే చోట, ఒక్క ఇల్లు చూపిస్తే ఒట్టు. 'మీకు అటువైపే హాయిగా ఉంటుంది' అన్నాడట. మా అమ్మ పొంగిపోయి నిమ్మకాయ కేకు చేసి పంపింది. ఇటువైపు కూడా అదే ధరకి ఇళ్ళున్నాయని నేను ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంటి కాగితాల మీది పేరు మాత్రం మర్చిపోను."

వెండెల్ చేతిలోని డోనట్ ముక్క కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. 'అటువైపే హాయిగా ఉంటుంది' అన్నది అచ్చంగా తన మాటే. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు కదా అని సర్దిచెప్పుకోబోయాడు. కానీ అప్పుడూ ఇదే క్లాసులో కూర్చున్నాడు, అప్పుడూ నూటికి నూరే. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

క్లాసు అయ్యాక హాజరు కాగితం చేతులు మారుతూ వచ్చింది. పేరు పూర్తిగా, చదవగలిగేటట్టు రాయాలి. రాయకపోతే కూర్చున్న మూడు గంటలూ చెల్లవు, రేపటికి లైసెన్సు పోతుంది. ఒడెస్సా తన పేరు రాసి కాగితం ఇటు జరిపింది.

వెండెల్ తలుపు వైపు చూశాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఆవిడకి ఎప్పటికీ తెలీదు.

"ఏం పెద్దాయనా, పేరు మర్చిపోయారా?" అన్నారెవరో వెనక వరసలోంచి.

రాశాడు. ధైర్యం చేసి రాశాడనుకునేరు, లైసెన్సు కోసమే రాశాడు. ఆవిడ పేరు కింద గడిలోనే పడింది.

ఒడెస్సా ఆ పేరు చదివింది. మళ్ళీ చదివింది. కాగితం తీసి వెనక వరసకి అందించింది.

"మా అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉండేది," అంది నెమ్మదిగా. "ఆ కేకు ఆయనకి నచ్చిందో లేదో అని."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు వెండెల్.

"బాగుందండీ," అన్నాడు. "మొత్తం నేనే తినేశాను."