మందుల షాపు బోర్డు

మాత్రలు మాన్పించింది తియ్యమాటల బావే. ఈ మాట పెయింటరు అడిగినవాడికీ చెబుతాడు, అడగనివాడికీ చెబుతాడు.

ఐదో తరగతిలో బడి మానేసినా, అక్షరం మాత్రం అతని చేతిలో ప్రాణం పోసుకునేది. స్కేలు ముట్టకుండా గోడ ఈ చివర నుంచి ఆ చివరికి గీత లాగితే దారం పట్టినట్టుండేది. టర్పెంటైన్ వాసన, నిచ్చెన కింద నోరెళ్లబెట్టి నిలబడ్డ జనం... రోజులంటే అవీ.

తర్వాత మనసు కళ్లెం తెంపుకుంది. నిద్ర లేదు, మాటకి అదుపు లేదు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, మనసు కుదురుకోడానికి లిథియం మాత్రలు రాసింది. కొన్ని వారాలకి మనిషి నేల మీదికి దిగాడు గానీ, కుంచె పడితే వేళ్లు సన్నగా వణికేవి. 'క' మీద తలకట్టు వంకర పోయేది.

"నిక్షేపంలా ఉన్నావు కదా బావా! కాలు అతుక్కున్నాక కూడా కట్టు మోస్తామా?" అన్నాడు భార్య అన్న, అదే తియ్యమాటల బావ.

మాట చెవికి ఇంపుగా ఉంది. మానేశాడు.

చెయ్యి రాయిలా నిలిచింది, నిద్ర మళ్లీ పోయింది. ఆ ఊపులో మందుల షాపుకి బోర్డు రాశాడు: ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. అంతటి పని మళ్లీ చెయ్యలేదు. బోర్డు ఎక్కించిన రోజే నాన్న కొన్న రెండు వందల పన్నెండు గజాల స్థలాన్ని అడిగినవాడికి అడిగిన ధరకి రాసిచ్చి, ఆ డబ్బంతా రంగుడబ్బాల మీద పోశాడు. సాక్షి సంతకం బావదే.

"చెయ్యి వణికితే నాకు చెప్పాలయ్యా," అంది డాక్టరమ్మ తర్వాత. "మోతాదు చూసి తగ్గిస్తాం, దానికీ మందుంది. మీ బావ ఎప్పుడు చదివాడు వైద్యం?"

ఇప్పుడు వణుకు కొంచెమే. మణికట్టు కింద కర్ర ఆనించి రాస్తాడు.

ఈ నెల మాత్రలకి భార్యతో కలిసి ఆ షాపుకే వెళ్తే షాపతను అన్నాడు: "గురువుగారూ, లైట్ల బోర్డు పెడుతున్నా. పాతది దించేశాం. కావాలంటే పట్టుకెళ్లండి."

గోడకి ఆనించి ఉంది. పెయింటరు తలకట్ల మీద వేలితో తడిమాడు. ఎక్కడా వంకర లేదు.

"వద్దు," అంది భార్య. "రోజూ దాన్ని చూస్తూ, ఆ చెయ్యి కావాలని మళ్లీ మాత్ర మానేస్తావు."

అతను ఆమె చేతిలోని పొట్లం తీసుకుని, సాయంత్రం మాత్ర అక్కడే నీళ్లతో మింగాడు. బోర్డు భుజానికెత్తుకున్నాడు.

"బరువేమో, జాగ్రత్త," అన్నాడు షాపతను.

"నాకు తెలీదా? రెండు వందల పన్నెండు గజాలు."