పరుపు మీది పెద్దరికం

ధర్మవరంలో ముత్యాలప్ప పట్టుచీరల అంగడిలో తిరుపాల్ ఉద్యోగం పేరుకు సేల్స్‌మన్. చేసే పని మాత్రం పొద్దస్తమానం చీర కట్టుకోవడం. పెళ్లివాళ్లు బస్సు మాట్లాడుకుని వచ్చి కూర్చుంటే, చొక్కా మీదనే చీర చుట్టి, ఎడమ చేత్తో కుచ్చిళ్లు పట్టి, కొంగు భుజాన వేసి, మెడ కాస్త వంచి నిలబడాలి. ఆరడుగుల నల్లని మనిషి, ఎద్దు మెడ. అయినా ఆ భుజం మీద పడిన చీర మళ్లీ బీరువాలోకి పోవడం అరుదు.

పదకొండేళ్లుగా ఇదే పని. ఇంటి దగ్గర కొళాయి కాడ అతని పెళ్లాం గౌరికి రోజూ ఇదే పరాచికం. "మీ ఆయన నిన్న ఎర్రంచు చీర కట్టినాడంట కదా, లచ్చనంగా ఉండాడంట" అని ఒకామె మొదలుపెడితే, మిగతావాళ్లు బిందెలు దించి మరీ నవ్వేవాళ్లు. గౌరి ఆ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ అంగడి మెట్లెక్కలేదు. మొగుణ్ణి చీరలో చూడడానికి ఆమెకు మనసొప్పలేదు.

అందుకే తిరుపాల్ కన్ను వెనక గదిలో, కిటికీ పక్కనున్న పరుపు మీద పడింది. అది కొనుగోలు చేసేవాడి పరుపు. అంజనప్ప దాని మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. మగ్గాల వాళ్లు చీరల మూటలు తెచ్చి ఆయన ఎదుట పొడుగ్గా పరిచేవాళ్లు. ఆయన జరీని గోటితో గీరి, "ఇది ఉండనీ, అది తీసుకుపో" అంటే అంతే, ఎదురుండదు. గంటకోసారి టీ. అంతకంటే పెద్ద ఉద్యోగం కలెక్టరుకు కూడా ఉండదని తిరుపాల్ నమ్మకం.

తొంభై ఏడులో అంజనప్ప కళ్లకు పొరలు వచ్చాయి. ఉగాదికి మానేస్తానన్నాడు. తిరుపాల్ పోయి సావుకారి ముందు నిలబడ్డాడు.

"ఆ పరుపు నాకియ్యండి సావుకారీ."

ముత్యాలప్ప గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నువ్వు వెనక్కి పోతే ముందర కట్టేదెవరప్పా? నీ భుజం మీదనే కదా ఈ అంగడి నిలబడి ఉండాది! ఆ పరుపు మీదికి హిందూపురం నుంచి మా బామ్మర్ది వస్తాన్నాడులే."

పొగడ్త విని ఇంత ఏడుపొచ్చిన మనిషి ధర్మవరంలో ఇంకొకడు ఉండడు. పనిలో మొద్దు అయినవాళ్లను మార్చేస్తారు, బాగా చేసేవాణ్ణి అక్కడే మేకు కొట్టి పెడతారు. ఇది ఎక్కడి న్యాయం?

సరే, పని చెడగొడితే పోలేదా అనుకున్నాడు. మొక్కుబడి అని చెప్పి మీసం, గడ్డం అడవిలాగా పెంచాడు. ఆ నెల అమ్మకాలు పెరిగాయి. బొజ్జ ముందుకు తోసి, కుచ్చిళ్లు వంకరగా పట్టాడు. ఇంకా పెరిగాయి. మొదటికే మోసం వచ్చింది.

అప్పుడు ఇంకో ఆలోచన తట్టింది. హిందూపురంలో రెడీమేడ్ బట్టల అంగడి ఒకటి మూసేస్తూ, చీర కట్టే నిలువెత్తు బొమ్మను అమ్మకానికి పెట్టింది. "బెంగళూరులో అన్ని అంగళ్లలో బొమ్మలే సావుకారీ, మనుషులు కట్టే కాలం పోయింది" అని ఊదరగొట్టి, తానే పోయి దాన్ని ప్యాసింజర్ రైలు ఎక్కించాడు. బట్ట లేకుండా తెస్తే బాగుండదని దారిలో ఒక పాత చీర చుట్టి, కిటికీ పక్కన ఆనించాడు. చెయ్యి అలవాటున కుచ్చిళ్లు కూడా చక్కగా కుదిరాయి.

పెనుకొండలో ఎక్కిన అవ్వ ఒకామె ఎదురుగా కూర్చుంది. "ఏమప్పా, మీ ఆడమనిషి ఉలకదు పలకదు, ఒళ్లు బాగలేదా?"

"మూగది అవ్వా" అన్నాడు తిరుపాల్, గంభీరంగా.

అయ్యో పాపం అని అవ్వ బొమ్మ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే మణికట్టు దగ్గర ఊడి ఆమె ఒళ్లోకి వచ్చింది. ధర్మవరం దాకా ఆ పెట్టెలో తిరుపాల్‌కూ బొమ్మకూ చుట్టుపక్కల ఎవరూ కూర్చోలేదు.

బొమ్మ వచ్చి అంగడిలో నిలబడింది. పదిరోజులు నిలబడే ఉంది. దాని మీద వేసిన చీర ఒక్కటీ అమ్ముడుపోలేదు. చివరికి రొద్దం నుంచి కూతురి పెళ్లిచీరలకు వచ్చిన రామలక్ష్మమ్మ గుట్టు విప్పింది.

"ఆ బొమ్మకు గోనెసంచి చుట్టినా బాగుంటాది. దాన్ని తీసేసి ఆ గడ్డపాయప్పను పిలవండి. ఆయప్ప మీద బాగుండాదంటే ఇంక మా పాప మీద చెప్పల్నా?"

ఈ మాట తిరుపాల్ విననే విన్నాడు. ఇంక గడ్డం పెంచి ఏం లాభం? ఎంత వికారంగా ఉంటే అంత పనికొస్తున్నాడు! ఉక్రోషం కొద్దీ పై అరలో ఏళ్ల తరబడి అమ్ముడుపోని చీర ఒకటి లాగి చుట్టుకున్నాడు. కట్టినా కొనేవాళ్లు లేక, దాన్ని దించడమే మానేసి చాలాకాలమైంది. నెమలి బుటాల చీర, జరీ ధగధగా మెరుస్తోంది.

రామలక్ష్మమ్మ తల పక్కకు వాల్చి చూసింది. "నెమళ్లన్నీ పండుకోనుండాయి కదప్పా! జబ్బు చేసిందా ఏమి?"

తిరుపాల్ తన పొట్ట వైపు చూసుకున్నాడు. నిజమే. నెమళ్లన్నీ వరుసగా కాళ్లు చాపి పడుకున్నాయి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక పై అర మొత్తం దించాడు. అన్నీ పడుకున్న నెమళ్లు, పడుకున్న చిలకలు, పడుకున్న ఏనుగులు. అంజనప్ప ముందు పొడుగ్గా పరిచినప్పుడు అవన్నీ నిటారుగా నిలబడ్డాయి, ఆయన మెచ్చుకుని తీసుకున్నాడు. ఒంటికి చుట్టుకుంటే చీర అడ్డం తిరుగుతుంది కదా, వాటితో పాటు నెమలీ అడ్డం పడుతుంది. కూర్చుని కొనేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఆనందం పట్టలేక ఆ ఖాళీ అంగడిలో ఒక్కడే నవ్వాడు. కానీ వెంటనే పరుగెత్తలేదు. ఉగాదికి రెండురోజుల ముందు బామ్మర్ది వచ్చి, ఇస్త్రీ చొక్కాతో పరుపు మీద కూర్చుని, మొదటి టీ తాగేదాకా ఆగాడు. అప్పుడు పై అర చీరను కట్టుకుని సావుకారి ఎదుట నిలబడ్డాడు.

"చూడండి సావుకారీ. ఇన్నేండ్లు నెమళ్లను పండుకోబెట్టి కొన్నాము. కట్టి చూడకుండా కొంటే ఇట్లనే ఉంటాది. ఇంక మీదట కొనేటాయప్ప ప్రతి చీరా కట్టుకుని చూడల్ల."

ముత్యాలప్ప చూశాడు. పై అర వైపు చూశాడు. ఇన్నేళ్ల దిగులుకు కారణం దొరికిన మనిషి మొహం అది. బామ్మర్ది వైపు తిరిగాడు. "విన్యావు కదరా? లెయ్, కట్టుకో."

"నేనా? చీరనా?" బామ్మర్ది నోట్లో టీ అక్కడే ఆగింది. "అందరి ముందరనా బావా?"

"రోజుకు ముప్పై నలభై వస్తాయి" అన్నాడు తిరుపాల్ వినయంగా. "అలవాటయిపోతాదిలే అన్నా. ఈ రాణీరంగుతో మొదలుపెట్టు, నీ రంగుకు బాగుంటాది."

బామ్మర్ది సాయంత్రం రైలుకు హిందూపురం పోయాడు. అక్కడ ఎరువుల అంగడి పెట్టుకుంటానని చెప్పి పంపాడు. ఇంక పరుపు తిరుపాల్‌కే. మరి ముందర కట్టడానికి ఎవరని సావుకారి అడగబోయేలోపే, మూటలు మోసే అక్బర్ కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిరుపాల్ అతనికి నెల నుంచే నేర్పుతున్నాడు. అక్బర్ మీసం కూడా కొంచెం పెద్దదే.

ఉగాది దాటిన వారానికి గౌరి మొట్టమొదటిసారి అంగడి మెట్లెక్కింది, మొగుడి పెద్దరికం చూడాలని. వెనక గదిలోకి తొంగి చూసింది. పరుపు మీద నలుగురు నేతగాళ్లు హాయిగా కూర్చుని టీ తాగుతున్నారు. తిరుపాల్ పచ్చచీర చుట్టుకుని, కొంగు భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పక్కన కట్టి విప్పిన చీరలు కుప్పగా పడున్నాయి.

గౌరి కాసేపు చూసింది. నవ్వు రాలేదు, సిగ్గూ వెయ్యలేదు. మొగుడి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "దీనికి కట్టుకునేదెందుకు? చీరను అడ్డంగా పరిచి చూస్తే సాలదా?"

తిరుపాల్ గబుక్కున కొంగుతో ఆమె నోరు మూశాడు. వెనక్కి తిరిగి సావుకారి ఉన్నాడేమోనని చూశాడు. "మెల్లగా మాట్లాడు తల్లీ! ఆ ముక్క తెలిస్తే బామ్మర్ది రేపు పొద్దున రైలుకే దిగుతాడు."

గౌరి కొంగు తీసి చేతిలోకి తీసుకుని, వెలుగుకు పట్టి చూసింది.

"సరేలే, చెప్పను. ఈ పచ్చది నాకు పక్కన పెట్టు."