తల నలిగిన చుట్ట

జగ్గయ్యపేటలో కోటిలింగంగారి పొగాకు కొట్టు వెనక వసారాలో బసవయ్య పద్దెనిమిదేళ్లుగా చుట్టలు చుడుతున్నాడు. అతని చుట్ట చివరిదాకా ఒకే తీరున కాలుతుందని చిల్లకల్లు నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవారు. అతనికి ఆస్తంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

నలభై ఎనిమిదిలో నిజాం సరిహద్దు దగ్గర సైన్యం దిగింది. ఆఫీసర్లకు సరుకులు పంపే కంట్రాక్టరు వరప్రసాదరావు, దొరలు కాల్చే మాదిరివి, తల మూసిన లావు చుట్టలు కావాలన్నాడు. బసవయ్య నాలుగు రోజులు కూర్చుని, మేలైన ఆకు ఏరి, గంజితో తల అతికించి నూరు చుట్టలు చుట్టాడు. పెట్టెకొకటి ఊరకే ఇస్తే బాగుంటుందని కోటిలింగం బెజవాడ బజారులో చవగ్గా దొరికిన కట్టర్లు రెండు డజన్లు తెచ్చాడు. చుట్ట తల చిల్లులో దూర్చి నొక్కితే బ్లేడు దిగి కోస్తుంది.

కంట్రాక్టరు వచ్చిన రోజున కోటిలింగం స్వయంగా కోసి చూపించబోయాడు. బ్లేడు సగంలో ఆగింది. ఇంకాస్త బలంగా నొక్కేసరికి చుట్ట తల నలిగి, పై ఆకు పగిలి, పొగాకు కాస్తా కంట్రాక్టరు మల్లెపువ్వులాంటి పంచె మీద రాలింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

బసవయ్య మొలలో చిన్న కత్తి ఉంది. దాంతో ఒక్కటి కోసి చూపిస్తే తప్పు బ్లేడుదేనని తేలిపోతుంది. చెయ్యి అక్కడిదాకా పోయింది కూడా. నలుగురిలో యజమాని పరువు తీయడం దేనికి, ఆయనకు మాత్రం తెలియదా అనుకుని ఆగాడు.

కోటిలింగం అతని వైపు చూశాడు.

"చుట్టడం వదులైందండి. ముసలాడైపోయాడు, చేతిలో పట్టు లేదు. వారంలో వేరేవాడిచేత చుట్టించి పంపుతా," అన్నాడు కంట్రాక్టరుతో.

బసవయ్యకు అప్పటికి నలభై ఆరేళ్లు.

కంట్రాక్టరు కారు కదిలాక బసవయ్య కత్తితో ఒక చుట్ట తల కోసి బల్ల మీద పెట్టాడు. కోత నున్నగా ఉంది. ఒక్క పొగాకు పీచు రాలలేదు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు కోటిలింగం గొంతు తగ్గించి. "నాసిరకం కట్టర్లు తెచ్చానని ఆయన ముందు చెప్పుకోమంటావా? పేరు పోతే నీ ఒక్కడిదే పోతుంది. కొట్టుదైతే అందరం మునుగుతాం. కొన్నాళ్లు ఇంటిపట్టునుండు, కబురు చేస్తా."

కబురు రాలేదు. వసారాలోకి వీరులపాడు మనిషొకడు వచ్చాడు. ఇప్పుడు చుట్టల తలలు ముందే కత్తితో కోసి పెట్టెల్లో సర్దుతున్నారని బసవయ్య విన్నాడు.

నెల చూసి, ఇంట్లో చుట్టిన కట్ట ఒకటి పట్టుకుని బస్సెక్కి నందిగామ వెళ్లాడు. అక్కడి పొగాకు వర్తకుడు జగన్నాథరావు మర్యాదగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. కట్ట మాత్రం ముట్టుకోలేదు. పేటలో కంట్రాక్టరు పంచె మీద పగిలినవి నీ చుట్టలేనటగా అని అడిగాడు.

బసవయ్య మొదట్నుంచీ జరిగినదంతా చెప్పాడు. జగన్నాథరావు ఓపిగ్గానే విన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు," అని నవ్వి లేచాడు.

ఎండలు ముదిరేసరికి బసవయ్య అదే నందిగామలో మిరప గోదాములో తొడిమలు తీసే కూలికి కుదిరాడు.

"ఆ రోజే నలుగురిలో కోసి చూపించాల్సింది," అంది భార్య తిరుపతమ్మ, అన్నం వడ్డిస్తూ.

ఆయన పరువు చూశానన్నాడు బసవయ్య.

"నీ పరువు ఆయన చూశాడా?"

బసవయ్య మిరప ఘాటుకు పుండ్లు పడ్డ వేళ్లను నీళ్లలో ముంచి, మంట కాస్త తగ్గేదాకా అలాగే ఉంచాడు.