చిలకపచ్చ గీత

మిట్టమధ్యాహ్నానికి రేకుల షెడ్డు పెనంలా కాగుతోంది. బాలమణికి ఇంకా ఒక్క చక్రం మిగిలింది. ఎవరిదో తెల్ల కారు చక్రాలు నాలుగూ పొద్దున్నే వచ్చాయి. సాయంత్రానికల్లా తళతళలాడుతూ తిరిగి వెళ్ళాలని షెడ్డు యజమాని దుర్గాప్రసాద్ మరీ మరీ చెప్పాడు. నీళ్ళు చల్లుకుంటూ గరుకు వాటర్ పేపరుతో రుద్ది రుద్ది, ఆపైన బఫ్ మిషను మీద మెరుపు తేవాలి. చక్రానికి నూట యాభై. పటాన్‌చెరు పక్కన ఆ షెడ్డులో ఏళ్ళ తరబడి ఆమె చేస్తున్న పని ఇదే.

మొగుడు పోయి నెల కూడా కాలేదు. ఇంట్లో కూర్చుని ఏడవడానికైనా కాస్త కలిగి ఉండాలి కదా! దినాలు అయిన మర్నాడే పనికి వచ్చేసింది. మల్లేష్ నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద చిట్కుల్‌లో ఇంటికి వస్తుంటే ఇస్నాపూర్ దగ్గర ఏదో బండి గుద్దేసి పోయింది. గుర్తు తెలియని వాహనం అని పోలీసులు రాసుకున్నారు. అంతటితో వాళ్ళ పని తీరిపోయింది.

నాలుగో చక్రం అంచున లోతైన గాటు ఉంది. ఏ రాయికో తగిలి ఉంటుందనుకుని జోరుగా రుద్దుతూ పోయింది. గుడ్డ పిండబోతే తొట్టిలో నీళ్ళు ఆకుపచ్చగా కనిపించాయి. అల్యూమినియం రుద్దిన నీళ్ళు బూడిద రంగుకు తిరగాలి గాని ఇలా ఉండవు. చక్రాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. గాటు అడుగున వేలెడు పొడవున చిలకపచ్చ రంగు ఇంకా అంటుకునే ఉంది.

ఆ రంగు ఆమెకు తెలుసు. నిరుడు ఎవరో కుర్రవాడు తన కారు చక్రాలకు చిలకపచ్చే కావాలని మొండికేస్తే, దుర్గాప్రసాద్ నాలుగు రంగులు కలిపి తయారు చేశాడు. మిగిలింది ఆమెకిచ్చాడు. మల్లేష్ ఆదివారమంతా కూర్చుని తన పాత సైకిల్‌కి పూసుకున్నాడు. "ఏందిరా, చిలకెక్కి వస్తున్నవ్?" అని బస్తీ అంతా ఆటపట్టిస్తే, "నా పెండ్లాం తెచ్చిన రంగు" అని మురిసిపోయేవాడు, పిచ్చి మనిషి.

ఆ రంగు సగానికి పైగా తన చేతులతో తానే తుడిచేసింది. ఎంత శ్రద్ధగా రుద్దిందో తలచుకునేసరికి బాలమణి గుండె చెరువైపోయింది.

"సారూ, జెర ఇటు రాండ్రి."

దుర్గాప్రసాద్ వచ్చి వంగి చూశాడు. ముఖం పాలిపోయింది. "ఏదో గోడకి గీరుకుని ఉంటుందమ్మా. టైమవుతోంది, కానియ్యి."

"గోడలకు గీ రంగు యాడుంటది సారూ? మీ చేతులతోనే కలిపిన్రు గద. ఇది మా ఆయన సైకిల్ రంగు."

అతను గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాళ్ళు పెద్దవాళ్ళు బాలమణీ. మనకెందుకు చెప్పు? నీకేదో ఒకటి ఇప్పిస్తాలే. ఇలా ఇవ్వు, ఆ గాటు నేను రుద్దుకుంటాను."

అతని చెయ్యి ముందుకొచ్చింది. బాలమణి చక్రాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నేళ్ళలో అతని మాటకు ఆమె ఎదురు చెప్పింది లేదు.

"ఇయ్య సారూ. పోలీసోళ్ళు వచ్చి సూసేదాక దీన్ని ఎవ్వలు ముట్టద్దు."

అతను బతిమాలాడు, తర్వాత అరిచాడు. ఆమె కదల్లేదు. మూడు చక్రాలు గోడవారన మెరుస్తున్నాయి. చక్రాల కోసం అప్పుడే ఆటో తెచ్చిన కారు వాళ్ళ మనిషి బయట హారన్ కొడుతున్నాడు. బాలమణి గాటు మీద అరచెయ్యి గట్టిగా మూసిపెట్టి, ఆకుపచ్చ నీళ్ళ తొట్టిని కాలితో తన దగ్గరకు జరుపుకుంది.