చదవని వీధిపేరు

మంగళవారం పొద్దున ఆరూ పదికి, రేడియోలో చావు కబుర్లు చదువుతూ "థియోఫిలస్ లారోండ్, డెబ్భై ఒక్క ఏళ్ళు" అని ఆగి తర్వాతి కాగితం తీశాను. ఒక లైను వదిలేశాను. మర్చిపోయి కాదు.

మా దీవిలో బాప్టిజం పేరు చర్చి పుస్తకంలో ఉంటుంది, మనిషి వీధిపేరుతో బతుకుతాడు. అందుకే ప్రతి చావు కబురు చివరా "అందరూ ఫలానా అని పిలిచేవారు" అని చదవాలి. చదవకపోతే పోయిందెవరో ఎవరికీ తెలీదు. పోయింది తనేనని పోయినవాడికీ తెలీదంటారు.

లారోండ్‌ని అందరూ శంఖం అనేవాళ్ళు. మా రోజో ఊరి రేవులో కూలీల సమ్మెని వెనకేసుకొచ్చాడని పదిహేనేళ్ళ కిందట మా రేడియో స్టేషన్ ఆయన్ని వార్తలు చదివే పనిలోంచి తీసేసింది. మర్నాటి నుంచి ఆయన ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఊళ్ళో వంటగిన్నెల్లోంచి వినిపించేది. రోజూ పొద్దున ఆరింటికి కూలీల వార్తలు. మా ఇంట్లో కోకో టీ గిన్నెలో స్పష్టంగా వస్తాడు, పక్కింట్లో ఇస్త్రీపెట్టెలో ఒకటే గరగర. "గిన్నె కిటికీ వైపు తిప్పవే, శంఖం సరిగా వినపడట్లా" అని అమ్మ కసురుతుంది. చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాళ్ళ వరండాలో కూర్చోబెట్టి నాకు నేర్పింది ఆయనే.

ఆ లైను మేనేజర్ బెర్ట్రాండ్ గారు పెన్నుతో కొట్టేశారు.

"శంఖం అంటే సమ్మె. ఆ మాట మన మైకులో వద్దు. శుక్రవారం నిన్ను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే, గుర్తుందా?"

"ఉంది సార్," అన్నాను. అంతే.

ఆస్పత్రిలో పోయిన మనిషి, మూసిన పెట్టెలోనే వచ్చాడు. బుధవారం పూడ్చేటప్పుడు ఉన్నది నలుగురు. ఫాదర్, గుంట తవ్వినవాళ్ళిద్దరు, ఆయన భార్య ఓజెనీ. నేను శ్మశానం మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను.

గురువారం ఆరింటికి ఆయన మామూలుగానే మాట్లాడాడు. "మొన్న రేవులో పని పోయిన పదకొండు మందీ వినండి. ఆదివారం పూజయ్యాక రేవుకి రండి. ముందు నేను నడుస్తా."

బజార్లో చేపలమ్మే టిటిన్ మురిసిపోతోంది. "విన్నావా పిల్లా? శంఖం ముందుంటే మా ఆయన పని తిరిగొచ్చినట్టే. కంపెనీ దొరకి ప్యాంటు తడుస్తుంది చూడు!"

నేను చేపలు తీసుకుని డబ్బులిచ్చి వచ్చేశాను.

మధ్యాహ్నం ఓజెనీ ఆంటీ స్టేషన్‌కొచ్చింది. ఏడవట్లేదు.

"నిన్న పూడ్చిన మనిషి ఇవాళ నా కాఫీ గిన్నెలో దగ్గుతున్నాడమ్మా. 'ఓజెనీ, కాళ్ళు చల్లబడుతున్నాయే, దుప్పటి కప్పు' అంటాడు. ఎక్కడని కప్పను? పోయాడని చెప్తే, పొద్దునే విన్నాం కదా, నీకు పిచ్చా అని నవ్వుతున్నారు. వీధిపేరుతో చదివితే గానీ వెళ్ళడు. చదువు తల్లీ."

"రేపు చూస్తా ఆంటీ."

శుక్రవారం చదవలేదు. చదివితే ఆ పదకొండు మందీ ఎవరి వెనక నడుస్తారు అని సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం పర్మనెంట్ కాగితం తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. వాళ్ళ కోసమే ఆగానా? ఏమో, ఒట్టేసి చెప్పలేను.

ఈ పొద్దున, శనివారం, స్టేషన్ టీ గిన్నె పలికింది. అన్ని ఇళ్ళలోనూ అవే మాటలు.

"ఒసే జోయెల్, మంగళవారం నువ్వు చదివిన ఆ లారోండ్ ఎవరే? పాపం, నలుగురే వెళ్ళారట. వీధిపేరు చెప్పు, మేమంతా వెళ్ళి ఒక పాట పాడొస్తాం." కాస్త దగ్గి, మళ్ళీ అన్నాడు. "దాన్నేం అనకండర్రా. కొత్తపిల్ల, మర్చిపోయుంటుంది."

బెర్ట్రాండ్ గారు కప్పు కింద పెట్టి నాకేసి చూశారు. ఆరూ పదికి మిగతా పేర్లన్నీ చదివాను. ఇంటికొస్తుంటే దారిపొడుగునా కిటికీల్లోంచి, "ఎవరే ఆయన?" అని ఒకటే అడగడం. తల దించుకుని నడిచాను.

రేపు ఆదివారం ఆరూ పదికి మళ్ళీ నేనే చదవాలి. ఆ పేరు చెప్తే ఆయన వెళ్ళిపోతాడు, రేవుకి వాళ్ళు ఒంటరిగా నడవాలి. చెప్పకపోతే ఆయన దుప్పటి అడుగుతూనే ఉంటాడు, నన్ను వెనకేసుకొస్తూనే ఉంటాడు. నన్నేం చేయమంటారు, చెప్పండి?