ఇచ్చేవాళ్ల పేరు ముందు

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు స్టోరు చూసేది అక్కయ్య. రోజూ పొద్దున్నే సీసాలకు హాజరు వేసేది. సరైన పేరుతో పిలవగానే సీసా అరలో వేలెడు ముందుకు జరిగేది. అందులో వింతేముంది? పిలిస్తే పలకడం మర్యాద.

పిలవడానికీ పద్ధతుంది. లవణాలకు ఇచ్చేవాళ్ల పేరు ముందు, పుచ్చుకునేవాళ్లది వెనక. సోడియం ఎలక్ట్రాన్ ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, అందుకే ఉప్పు పేరు సోడియం క్లోరైడ్. పంచుకుని బతికేవాటికి లెక్క చెప్పాలి. 'టెట్రా' అని నాలుగూ లెక్కపెట్టకపోతే కార్బన్ టెట్రాక్లోరైడ్ మొహం చాటేస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్ నీళ్లలో కలిశాకే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇక తప్పుడు చీటీ అంటిస్తే నిమిషంలో ఊడిపడేది.

ఆ రోజు అడుగు అరలో చీటీ లేని సీసా ఒకటి బయటపడింది. తెలిసిన పేర్లన్నీ పిలిచినా ఉలుకూ పలుకూ లేదు.

"పేరే లేనిదాన్ని ఇంత బతిమాలడం దేనికి అక్కయ్యా? భోజనాలయ్యాక చంటి పారబోస్తాడులే," అన్నాడు ల్యాబు మాస్టారు.

చంటి ఆవిడ తమ్ముడు, ల్యాబులో గాజుసామాను కడుగుతాడు. నలభైకి దగ్గరపడ్డా చంటిగానే మిగిలిపోయాడు. పెళ్లైన పన్నెండేళ్లకు, మొన్ననే కూతురు పుట్టింది.

"చంటీ, తిందాం రా," అని కేకేసింది అక్కయ్య.

సీసా వేలెడు ముందుకు జరిగింది.

పోయినేడు ఒక సీసా ఇలాగే వాచ్‌మన్ పేరుకు కదిలింది. దాన్ని ఊరవతల పాతిపెట్టినా, నెల తిరక్కుండా అతను పోయాడు.

చీటీ మీద 'నీళ్లు' అని రాసి అంటించింది. ఊడిపడింది. 'అక్కయ్య' అని తన పేరు ఒక్కటే రాసింది. అదీ ఊడింది. దిక్కుతోచక తలెత్తితే ఎదురుగా ఉప్పు సీసా కనబడింది. కాసేపు దాన్నే చూసి, కొత్త చీటీ మీద ముందు 'అక్కయ్య' అని, వెనక 'చంటి' అని రాసి బొటనవేలితో అదిమింది.

చీటీ ఊడలేదు.

"చంటీ," అని మెల్లగా పిలిచి చూసింది. సీసా కదల్లేదు. ఆవిడకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది.

చంటి తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చాడు. "పారబోయాల్సింది అదేనా అక్కా? ఇలా ఇవ్వు."

"నేను పోస్తాలే. నువ్వింటికెళ్లి పాపను ఎత్తుకో."

"ఏంటీ, ఇవాళ ఇంత ప్రేమ పొంగింది?"

"అక్కయ్యా, చంటీ, ఇంకా అవలేదా?" అని పక్కగదిలోంచి మాస్టారు కేకేశాడు.

సీసా ముందుకు జరిగి, చంటిని దాటి, అక్కయ్య చేతి దగ్గర ఆగింది.

ఆవిడ దాన్ని తీసుకుని మూత మీద చెయ్యి వేసింది. "పోరా," అంది. "పోతూ పోతూ ఆ తలుపు దగ్గరికి వేసెయ్."