ఉయ్యాల ఎత్తు

పిల్లలూ, ఊరు ఎత్తులో ఉంటుందా, ఏరు ఎత్తులో ఉంటుందా? ఊరేనా? మన కసలా ఊళ్ళో కాదర్రా.

గాష్ ఏరు ఏడాదికి మూడు నెలలే పారుతుంది. వచ్చేటప్పుడు ఎగువ కొండల మట్టినంతా మోసుకొస్తుంది. ఇక్కడి నేల చదును కదా, నడక మందగించగానే ఆ బరువు దించేస్తుంది. అలా దాని అడుగు ఏడాదికి కాస్త చొప్పున పైకి లేస్తూ ఉంటుంది.

ఏటి పక్క వీధిలో ఓకీర్, అతని పెళ్ళాం బతూల్ ఉండేవారు. కరకట్ట మీద ఇసుక బస్తాలు పేర్చే ముఠాకు ఓకీరే పెద్ద. వాళ్ళ వసారాలో మంచినీళ్ళ బాన ఒకటుండేది. ఏటి అడుగు ఎంత ఎత్తున ఉంటే ఆ బానలో నీళ్ళూ అంత ఎత్తున నిలిచేవి. మూతి దాటినా ఒలికేవి కావు, గాజు స్తంభంలా నిలబడేవి. దాహమేసినవాళ్ళు పక్కనుంచి చెంబు గుచ్చి ముంచుకునేవారు. పిల్లలు వేళ్ళు పెడితే బతూల్ కసిరేది, అంతే.

ఆ ఏడు బతూల్‌కు నెలలు నిండేసరికి స్తంభం ఆమె భుజం దాటింది.

"ఏమయ్యా, కొండ కింద మెరకలో మా అమ్మ దగ్గరికి పోదాం."

"మొన్ననేగా కట్ట మూరెడు పెంచాం. ఎందుకే భయం?"

"మీరు మూరెడు పెంచితే అదీ మూరెడు మట్టి తెస్తోంది. దానికి మెట్లు కట్టిపెడుతున్నారు మీరు!"

"కట్ట కాసేవాడి పెళ్ళామే పారిపోయిందంటే ముఠాలో నా మొహం ఏం కాను?"

"నీ మొహం రోజూ చూస్తున్నాలే. కడుపులో ఉన్నదాని మొహమే ఇంకా చూడలేదు."

ఓకీర్ నవ్వేసి, అల్లం కాఫీ తాగి కట్ట మీదికి పోయాడు.

వారం తిరక్కుండానే ఆడపిల్ల పుట్టింది. ఓకీర్ తోలు ఉయ్యాల తనే కుట్టాడు. వసారాలో బాన పక్కనే, మంచం మీది తల్లికి చేతికందేలా దూలానికి వేలాడదీసి, పిల్లను పడుకోబెట్టి మెల్లగా ఊపాడు. ఉయ్యాల అంచు నీళ్ళ స్తంభంలోకి వెళ్ళొచ్చింది. పిల్ల బుగ్గ తడిసింది. ఏడవలేదు, కళ్ళు తెరిచి తండ్రిని చూసింది.

అతను ముడి విప్పి కాస్త పైకి కట్టాడు. మళ్ళీ తడిసింది. దూలానికి ఆనించి కట్టాడు. ఈసారి తడవలేదు గానీ, తల్లి చెయ్యి అందలేదు.

"నిచ్చెనెక్కి పాలివ్వమంటావా?" అంది బతూల్.

ఓకీర్ ఉయ్యాల దించాడు. తల్లీపిల్లల్ని గాడిద మీద ఎక్కించి, కట్ట మీదుగానే, ముఠా అంతా చూస్తుండగా నడిపించుకుపోయాడు.

"ఏం పెద్దా, అత్తారింటికా?" అని ఒకడు వెక్కిరించాడు.

"అవునురా. మీ ఆవిడనీ తోలుకురా."

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దు వాలేలోగా వీధిలో గాడిదలన్నీ కొండ దారి పట్టాయి.

ఆ వారంలోనే కట్ట తెగింది. నీళ్ళు తీశాక చూస్తే వసారాలో దూలం దాకా ఒండ్రు. మనుషులు మాత్రం ఒక్కరూ పోలేదు. ఆపైన ఓకీర్ కట్ట పెంచలేదు. ముఠాను ఒప్పించి, ఊరికి ఎగువన దారి తీసి, ఆ మట్టేదో అక్కడ దింపుకోమని ఏటిని జొన్నచేల మీదికి వదిలాడు. ఆ మెత్తటి ఒండ్రులోనే వాళ్ళ పిల్ల పడుతూ లేస్తూ నడక నేర్చింది.

ఇక లేవండర్రా. మేడ మీద బెండకాయ ముక్కలు సగమే తిరగేసి వచ్చాను, ఎండ పోకముందే మిగతావీ తిరగెయ్యాలి.